గోడ మీద పదకొండు అరచేతులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గోడ బొమ్మల గురించే. వానలు వెళ్లిపోయాయి, సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయి, అందుకే కాబోలు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పాను. రిటైరయ్యాక ఫైన్ ఆర్ట్స్ పిల్లలతో కలిసి తొమ్మిది గోడలకి బొమ్మలు వేశాను. ఆ తొమ్మిదింటి దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

ప్రశ్న: మా కాలనీ పార్కు ప్రహరీ గోడ 60 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు. దగ్గరి కాలేజీ నుంచి 18 మంది ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు వచ్చి ఉచితంగా బొమ్మలు వేస్తామన్నారు. మా సంఘంలో ఒకరు బుద్ధుడంటారు, ఒకరు నెమలంటారు, ఇంకొకరు నినాదాలు రాయిద్దామంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి? రంగులు ఎంత కొనాలి?
— కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, కాకినాడ

జవాబు: కార్యదర్శి గారూ, రంగుల లెక్క చెబుతాను. అంతకంటే ముందు, ఆ గోడకి ఎదురుగా ఏముందో మీరు రాయలేదు. ఎవరి గుమ్మం అటు తెరుచుకుంటుంది? పొద్దున్నే దాని పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునేది ఎవరు? సాయంత్రం ఆ నీడన కూర్చునేది ఎవరు? ఆ బొమ్మని రోజూ చూసేది వాళ్లే. మీ మీటింగుకి వాళ్లలో ఒక్కరైనా వచ్చి ఉండరని నా అనుమానం.

వాళ్ల దగ్గరికి పిల్లల్ని పంపండి. అయితే “ఏం బొమ్మ వేయమంటారు?” అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే ఎవరైనా క్యాలెండర్ మీద చూసిందే చెబుతారు. “ఈ గోడ కట్టకముందు ఇక్కడ ఏముండేది?” అని అడగాలి. ఈ ప్రశ్న నాకు ఎవరూ నేర్పలేదు, ఒక గోడ దగ్గరే తెలిసింది.

ఎనిమిదేళ్ల కింద కోనసీమలో, గోదావరి గట్టుకి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో, స్కూలు ప్రహరీకి బొమ్మలు వేయడానికి పన్నెండు మంది పిల్లలతో వెళ్లాను. కొబ్బరిచెట్లు, పడవ, వెనకాల ఉదయిస్తున్న సూర్యుడు, ఇదీ మా డిజైన్. కాలేజీలోనే గీసి, రంగులేసి, ఖాయం చేసుకుని మరీ వెళ్లాం. మొదటిరోజు గోడ తోముతుంటే గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక మామ్మ వచ్చి నిలబడింది. ఏం చేస్తున్నారని అడిగింది, చెప్పాం. ఆవిడ మోపు కింద పడేసి, గోడ దగ్గరికొచ్చి, తన గుండెల ఎత్తున అరచెయ్యి ఆనించింది. “ఎనభయ్యారులో నీళ్లు ఇక్కడికొచ్చాయి” అంది. 1986 ఆగస్టు వరద మాట అది. అప్పటికి ఆ గోడ లేదు, కానీ ఆ చోటు అదే కదా.

పక్కనే బొగ్గుముక్క పట్టుకుని ఉన్న అమ్మాయి “చెయ్యి తియ్యకు మామ్మా” అని ఆ చేతి చుట్టూ గీత గీసింది. ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది ఆ చెయ్యి. ఉంగరం వేలు రెండో కణుపు దగ్గర వంగిపోయి ఉంది, ఎంత ఆనించినా ఆ వేలి కొస గోడకి తగలట్లేదు. గోళ్ల సందుల్లో గడ్డి పసరు. ఆ వేలి దగ్గర బొగ్గు ఆపి, కాస్త పైకెత్తి, మళ్లీ కలిపింది అమ్మాయి. మామ్మ చెయ్యి తీశాక సున్నం మీద తడి అరచెయ్యి ముద్ర కాసేపు కనిపించి ఆరిపోయింది. గీత మాత్రం మిగిలింది, వంగిన వేలితో సహా.

అంతలో ఎదురింటి టైలరు వచ్చాడు. “అంత లేదు, మోకాలు దాటలేదు” అని గొంతుక్కూర్చుని కింద చెయ్యి పెట్టాడు. ఇంకొకాయన తన తల కంటే పైన పెట్టాడు. అప్పటికి ఆయనకి ఐదేళ్లట, నాన్న భుజాల మీద ఎక్కించుకుని గట్టు దాకా మోసుకెళ్లాడట, నీళ్లంటే ఆయనకి గుర్తున్న ఎత్తు అదే. సాయంత్రానికి గోడ మీద పదకొండు అరచేతులు, ఏ రెండూ ఒక ఎత్తులో లేవు. మా కుర్రాళ్లు సగటు కట్టి గీత గీద్దామన్నారు. బొగ్గు పట్టుకున్న అమ్మాయే ఒప్పుకోలేదు. “అన్నీ కలుపుదాం” అంది. పదకొండు చేతుల మీదుగా దారం లాగితే పైకీ కిందకీ ఊగుతూ పెద్ద అల వచ్చింది. మా సూర్యోదయాన్ని ఆ రాత్రే పక్కన పెట్టేశాం. కొబ్బరిచెట్లు ఉన్నాయి, నడుముదాకా నీళ్లలో. హెడ్మాస్టరు గారు కొంచెం భయపడ్డారు, స్కూలు గోడ మీద వరద బొమ్మ అశుభం కాదా అని. మామ్మే ఆయనకి జవాబు చెప్పింది: “అశుభమైతే మేమెలా బతికున్నామండీ?”

మీ పిల్లల్నీ రెండు సాయంత్రాలు అలా తిరగనివ్వండి. తర్వాత గోడలో అడుగుకి రెండంగుళాల చొప్పున కాగితం మీద నమూనా గీయించండి. మీ గోడకి పదడుగుల పొడవు, పద్నాలుగంగుళాల వెడల్పు కాగితం సరిపోతుంది. దాన్ని ఆఫీసులో ప్రదర్శనకి పెట్టకండి. పటం కథలు చెప్పేవాళ్లు పటాన్ని విప్పినట్టు, చుట్ట చుట్టి తీసుకెళ్లి ఇస్త్రీ బండి మీదో, టీ కొట్టు బల్ల మీదో విప్పండి. చూసినవాళ్లు వేలు పెట్టి “ఇక్కడ మా మేకేది?” అంటే మేకని చేర్చండి. చివరి ఆరడుగులు మాత్రం నమూనాలో ఖాళీగానే ఉంచండి. గోడ పని మొదలయ్యాక గానీ నోరు విప్పనివాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఆ చోటు వాళ్లది. బుద్ధుడా, నెమలా అన్న తగువు ఈ పనిలో పడ్డాక దానంతటదే సద్దుమణుగుతుంది, మూడు ఊళ్లలో చూశాను. ఈలోగా హైదరాబాద్ వెళ్లే పని పడితే మీ సభ్యుల్ని రాజ్‌భవన్ (ఇప్పుడు లోక్ భవన్) దగ్గరున్న ఎం.ఎస్. మక్తా బస్తీకి తీసుకెళ్లండి. స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు అక్కడ మామూలు ఇళ్ల గోడల మీదే బొమ్మలు వేయించారు. ఇరుకు సందులో నడుస్తూ బొమ్మ చూడటం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఇక గోడ. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిందైతే తడపడానికీ ఆరడానికీ కలిపి కనీసం 28 రోజులు ఆగాలి. పాతదైతే నిమ్ము చూడాలి. అడుగు చదరం పాలిథిన్ కవరు ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు లోపల నీటి బొట్లు పట్టి ఉంటే ఆ గోడ ఇంకా సిద్ధంగా లేదన్నమాట. నేను ఒకసారి తొందరపడ్డాను. ప్రారంభోత్సవానికి తేదీ ఇచ్చేశారని, ఆరీ ఆరని ప్లాస్టరింగ్ మీదే వేయించేశాను. మొదటి వానకే ఉప్పు పొంగి, తెల్లటి పొడిలా పైకి వచ్చేసింది. నీలాలు వెలిసిపోయాయి, ఒక పిల్లాడు నాలుగు రోజులు కూర్చుని వేసిన ఎద్దు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఆ పిల్లాడి ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి తేదీని గోడే చెప్పాలి తప్ప కార్డు చెప్పకూడదని పట్టుబడుతున్నాను.

పాత సున్నం పొరలుంటే తీగ బ్రష్‌తో గీకాలి, లేకపోతే ఆ పొరతో పాటే మీ రంగూ ఊడిపోతుంది. నాచు ఉంటే బ్లీచింగ్ నీళ్లతో తోమి కడగాలి. జనం కూర్చుని తల ఆనించే చోట నూనె మరక నల్లగా ఉంటుంది. అక్కడ సర్ఫు నీళ్లతో రెండు మూడుసార్లు రుద్దకపోతే ఏ రంగూ పట్టదు. పగుళ్లకి బయటి గోడలకి వాడే లప్పమే పెట్టించండి, లోపలి గోడల లప్పం వానకి ఆగదు. దాని మీద గరుకు కాగితం, ఆపైన ప్రైమర్ ఒక కోటు.

లెక్కకొస్తే మీ గోడ 420 చదరపు అడుగులు. బయటి గోడల ఎమల్షన్ రెండు కోట్లకి లీటరుకి 50 చదరపు అడుగులు వేసుకుంటే ఎనిమిదిన్నర లీటర్లు. బొమ్మల పనిలో కప్పుల్లో ఎండిపోయేది, మళ్లీ దిద్దేది ఉంటుంది కాబట్టి పన్నెండు కొనండి. తెలుపు నాలుగు లీటర్లు, మిగతావి లీటరు డబ్బాలు ఎనిమిది. ప్రైమర్ ఐదు లీటర్లు, గోడ గరుకుగా ఉంటే ఇంకొంచెం. రంగుల్లో జాజు ఎరుపు, మట్టి పసుపు ఎక్కువ తీసుకోండి. ఎండకి బాగా నిలిచేవి అవే. మెరిసే గులాబీలు, నారింజలు కొత్తలో కళ్లు చెదిరేలా ఉంటాయి, రెండు ఎండాకాలాలకే పాలిపోతాయి. అడుగున రెండడుగుల పట్టీని జాజు రంగుతో వదిలేయండి. మన పల్లెటూళ్ల ఇళ్లకి గోడ కింద జాజు పట్టీ ఉండేది చూడండి, వానకి చిమ్మే బురద పడేది సరిగ్గా అక్కడే. ముఖాలూ చేతులూ ఆ పట్టీకి పైనే ఉండాలి.

పద్దెనిమిది మందినీ ఒకేసారి గోడ ముందు నిలబెట్టకండి. మనిషికి ఐదారడుగులైనా లేకపోతే మోచేతులు తగులుతాయి. పది మంది గోడ దగ్గర, మిగతావాళ్లు రంగులు కలపడం, గీతలు సరిచూడటం, బ్రష్‌లు కడగడం, గంటన్నరకోసారి మార్పు. పెద్ద భాగాల్లో వచ్చే రంగుని ఒకేసారి మూత ఉన్న బకెట్‌లో కలిపి పెట్టుకోవాలి. మర్నాడు మళ్లీ కలిపితే అదే రంగు ఎంత చేసినా రాదు. మూత మీద ఆ రంగునే చుక్క పెట్టించండి, ఆరాక ముదురుతుంది కాబట్టి ఆరిన రంగు చూసే ఒప్పుకోవాలి. గోడ తూర్పు ముఖమైతే మధ్యాహ్నం తర్వాత, పడమర ముఖమైతే పొద్దున్నే పని. కాలే గోడ మీద రంగు పరుచుకోదు, కుంచెకే గట్టిపడుతుంది.

ఇంకో రెండు విషయాలు, నా దృష్టిలో ఇవి రంగు కంటే ముఖ్యం. మొదటిది, ఆ పిల్లల్లో ఆడపిల్లలుంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోడ్డు మీద పని. గోడకి దగ్గర్లో ఏ ఇంటివాళ్లు బాత్రూమ్ వాడుకోనిస్తారో మొదటిరోజుకి ముందే మాట్లాడి పెట్టండి. దీని గురించి ఎవరూ అడగరు, పిల్లలు మంచినీళ్లు తాగడం మానేస్తారు. రెండోది, ‘ఉచితంగా’ అన్న మాట. రంగులూ, భోజనాలూ, బస్సు చార్జీలూ సంఘమే పెట్టుకోవాలి, వీలైతే రోజుకి ఇంత అని చేతిలో పెట్టాలి. నేర్చుకుంటున్నారు కదా అని ఊరికే చేయించుకోవడం నాకు అస్సలు నచ్చదు. మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే కుర్రాడికీ రోజు కూలి ఇస్తాం కదా.

ప్రశ్న: మేడమ్, నేను బి.ఎఫ్.ఎ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) మూడో సంవత్సరం. మా బ్యాచ్ అంతా కలిసి ఒక గోడ వేస్తున్నాం. నేను రెండు రోజులు కష్టపడి వేసిన ముఖాన్ని మూడోరోజు వచ్చేసరికి ఇంకొకరు దిద్దేశారు. ఏడుపొచ్చేసింది. అందరం కలిసి వేస్తే ఇక నా చెయ్యి ఎక్కడ కనిపిస్తుంది?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: చూడు తల్లీ, ముందు ఒకటి చెబుతాను. నీకు చెప్పకుండా దిద్దడం తప్పే. ఆ మాట ఆ స్నేహితులతో నేరుగా చెప్పు, మనసులో పెట్టుకోకు. గోడ పనిలో మేం పెట్టుకున్న నియమం ఇది: ముఖం ఎవరు మొదలుపెడితే వాళ్లే ముగించాలి. మార్చాలనిపిస్తే వాళ్లని పిలిచి, రోడ్డు అవతల నిలబెట్టి, దూరం నుంచి చూపించి మాట్లాడాలి. దగ్గర నుంచి చూస్తే ఎవరి ముఖం వాళ్లకి బాగానే ఉంటుంది. ముప్పై అడుగుల దూరం నుంచి అందరికీ ఒకటే కనిపిస్తుంది, అప్పుడు తగువుండదు.

నీ రెండో ప్రశ్న పెద్దది. శాంతినికేతన్‌లో హిందీ భవన్ గోడల మీద చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ మధ్యయుగపు సాధుసంతుల చిత్రం వేశారు, 1946, 47 సంవత్సరాల్లో. ఆయనకి పుట్టుకతోనే చూపు తక్కువ, తర్వాత పదేళ్లకి పూర్తిగా పోయింది కూడా. అంత పెద్ద చిత్రాన్ని ముందుగా గోడంత కాగితం మీద గీసుకోకుండా నేరుగా గోడ మీదికే ఎక్కించారు. పక్కన పనిచేసింది విద్యార్థులు. వాళ్లలో కె.జి. సుబ్రమణ్యన్ ఒకరు. ఆ గోడ దగ్గర సాయం చేసిన ఆ కుర్రాడే ఎన్నో ఏళ్ల తర్వాత అదే శాంతినికేతన్‌లో నలుపు తెలుపుల్లో తన సొంత గోడ వేశారు. గురువు గోడలో ఆయన గీసిన భాగం ఏదో నేను వేలు పెట్టి చూపించలేను. కానీ ఆ గోడ దగ్గర నిలబడిన రోజులు ఆయన చేతిలోకి ఎక్కకుండా ఉంటాయా?

లేపాక్షి వెళ్లావా? వెళ్లకపోతే ఈ సెలవుల్లో వెళ్లు. వీరభద్రాలయం పైకప్పు మీద పదహారో శతాబ్దపు చిత్రాలు. వాటిని వేయించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ పరివారంతో సహా అక్కడ కనిపిస్తారు. వేసినవాళ్ల పేర్లు మన దాకా రాలేదు. చీరల అంచులు చూస్తూ నిలబడు. ఒక్కో అంచు గీసిన చెయ్యి ఒక్కో రకంగా తిరిగిందేమో, నీ కళ్లతో నువ్వే వెతుకు. చిత్రకారిణివి కదా, నాకంటే నీకే బాగా దొరుకుతుంది.

నీ గోడ కింది మూలలో మాత్రం అందరి పేర్లూ రాయించండి, అక్షర క్రమంలో, ఒకే సైజులో. కుంచెలు కడిగిన పిల్లవాడి పేరుతో సహా. డబ్బిచ్చిన సంస్థ గుర్తు పెట్టాల్సి వస్తే అరచెయ్యంత చాలు, అదీ పేర్ల కిందే.

ప్రశ్న: మా వీధి చివర గోడ దగ్గర మగవాళ్లు మూత్రం పోస్తున్నారు. దేవుళ్ల బొమ్మలు వేయిస్తే ఆగుతుందని అంటున్నారు. కాలేజీ పిల్లలు కూడా సిద్ధంగా ఉన్నారు. వేయించమంటారా?
— గృహిణి, తెనాలి

జవాబు: వద్దమ్మా. మీరు పూజగదిలో పెట్టుకునే దేవుణ్ణి కాపలాకి ఆ కంపులో నిలబెట్టడం నాకు మనసొప్పదు. పైగా అలాంటి చోట్ల బొమ్మ ముందే నిస్సిగ్గుగా నిలబడేవాళ్లని చూశాను. అప్పుడు మీ బాధ రెట్టింపవుతుంది. మూత్రంలోని ఉప్పు ప్లాస్టరింగ్‌లోకి దిగుతుంది, ఏ రంగూ నిలవదు. ముందు మున్సిపాలిటీ వాళ్లకి రాసి ఒక దీపం పెట్టించండి, దగ్గర్లో టాయిలెట్ అడగండి, గోడ కడిగించి నెలరోజులు ఆరనివ్వండి. ఆ తర్వాత పిల్లల్ని పిలవండి. పది రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ మనుషులుంటే చాలామంది అలవాటు మార్చుకుంటారు. బొమ్మలో ఆ వీధి మనుషుల ముఖాలే వేయించండి, మీ పక్కింటి పిల్లది, పాలు పోసే ఆయనది. తెలిసిన ముఖం ముందు నిలబడటం కష్టం.

ప్రశ్న: మేం వేయించిన గోడ రెండేళ్లకే వెలిసిపోయింది, పైన పోస్టర్లు కూడా అంటించారు. మళ్లీ మొదటి నుంచి వేయించాలా?
— హైస్కూల్ ప్రధానోపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: అక్కర్లేదు మాస్టారూ. పోస్టరుని లాగకండి, గోరువెచ్చని నీళ్లతో తడిపి అరగంట ఆగి మెల్లగా తీయండి. వెలిసిన చోట మాత్రమే దిద్దించండి. ఇకముందు ఏ గోడకైనా ప్రతి రంగులోంచి పావు లీటరు గాజు సీసాలో పోసి, మూత బిగించి, పేరు రాసి స్కూలు బీరువాలో దాచండి. అమెరికాలో లాస్ ఏంజిలిస్ వరద కాలువ గోడ మీద జూడీ బాకా అనే చిత్రకారిణి 1976లో మొదలుపెట్టి, కుర్రకారుతో అర మైలు పొడవు చరిత్ర గీయించింది. దానిక్కూడా ఎండ దెబ్బ తప్పలేదు, 2011లో మరమ్మతు పూర్తిచేశారు. ఏటా దసరా సెలవులకి ముందు ఒక పూట తొమ్మిదో తరగతి పిల్లలతో కడిగించి, దిద్దించండి. అప్పుడు బొమ్మ ఒక్క బ్యాచ్ పిల్లలది కాకుండా స్కూలుది అవుతుంది. గోడ యజమాని వేరే ఉంటే ఎన్నేళ్లు ఉంచుతారో, దిద్దే హక్కు ఎవరిదో మొదటే కాగితం మీద రాయించుకోండి. నోటి మాట నమ్మి నేను ఒక గోడ పోగొట్టుకున్నాను. నాలుగు నెలలకే గేటు కోసం పగలగొట్టేశారు.

ప్రశ్న: నాకు డ్రాయింగ్ రాదు. ముగ్గులు తప్ప ఏమీ తెలియదు. మా వీధిలో కాలేజీ పిల్లలు గోడ వేయబోతున్నారు. నేనూ ఏదైనా చెయ్యచ్చా, నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది.
— గృహిణి, జనగామ

జవాబు: నవ్వరమ్మా, మీరు లేకపోతే వాళ్లే ఇబ్బంది పడతారు. చిన్న కాగితం మీది బొమ్మని పెద్ద గోడకి ఎక్కించడానికి కాలేజీలో గడులు గీయడం నేర్పుతాం. ఆ పని మీరు రోజూ వాకిట్లో చేస్తున్నారు. పదిహేను చుక్కలు పెట్టి, అటూ ఇటూ సందు చుక్కలు తగ్గించుకుంటూ ఎనిమిది దగ్గర ఆపే ముగ్గు మీరు కొలబద్ద లేకుండా, వంగి నిలబడి, పావుగంటలో వేస్తారు. మూడో ఏడాది చదివే పిల్లలు టేపు పట్టుకుని కూడా వంకర పోవడం నేను చూశాను. ఒక గోడ దగ్గర ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చి, అడుగడుగుకీ చుక్క పెట్టుకుంటూ వెళ్లిపోయారు. నలభై అడుగుల గోడకి చుక్కలు పెట్టడం పొద్దున్న పది గంటలకల్లా అయిపోయింది. ఆ చుక్కలనే ఆధారం చేసుకుని పిల్లలు బొమ్మ ఎక్కించారు.

పిల్లలు మొదలుపెట్టే రోజు ముందుగా వెళ్లి చుక్కల పని నాకివ్వండని అడగండి. బొగ్గుతో పెడతామంటే వద్దని చెప్పండి. బొగ్గు దులపకుండా పసుపు వేస్తే పసుపు కాస్తా మురికి ఆకుపచ్చగా మారిపోతుంది. సుద్దముక్కతో పెట్టండి, తెల్లగోడ మీద కనిపించకపోతే నీలం సుద్ద వాడండి. నిలువు గీతలకి మేస్త్రీలు చేసినట్టు నూలుదారానికి నీలం సుద్దపొడి పట్టించి, పైన ఒకరు, కింద ఒకరు బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. కింది కొస మీరు పట్టుకోండి. పొడి ఎగిరి మీద పడుతుంది, ఆ రోజు పాత చీర కట్టుకెళ్లండి.